ఎక్కడికని అడగని యాప్

పాడ్యమి, పాటు వేళ

రేవు యాప్‌లో ఏ లోపం కనబడినా, నేను ఏ మార్పు చేసినా ఈ మరమ్మతు లాగ్‌లో రాయాలని సంఘం రూలు. రాసింది గట్టు మీది ఆఫీసు వాళ్లు కూడా చదువుతారట. ఇన్నాళ్లూ "అంతా బాగుంది" అని ఒక ముక్క రాసి మూసేసేదాన్ని. ఇవాళ ఆ ముక్క రాయడానికి వీల్లేకుండా పోయింది.

పొద్దున్నే సోలారు పలకల మీద ఉప్పు తుడుస్తుంటే బస్టాండు వరస వాళ్లు ఇద్దరు వచ్చారు. నిన్న ఇద్దరూ నాచు కోతకి వెళ్లారు. రేవులో తెర మీద బొటనవేలు పెట్టారు, "వెళ్ళొస్తా" నొక్కారు, ఆకుపచ్చ టిక్కు చూసుకున్నారు. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే వాళ్లు అసలు వెళ్లినట్టే లేదు. వాళ్ల వెనకే నిలబడి నొక్కిన వాళ్లవి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

"మా పేర్లే ఎందుకు మింగింది నీ యాపు?" అన్నాడు ఒకాయన.

"మీ పేర్లు రుచిగా ఉండుంటాయి," అన్నాను.

నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నాకు మాత్రం లోపల చిరాగ్గా ఉంది. యాప్ నేను చేసింది. దాన్ని ఎవరైనా ఏమైనా అంటే నన్ను అన్నట్టే ఉంటుంది.

చేసింది అంటే పెద్ద విద్యేం కాదు. నీళ్లు చేరని గట్టు మీద ట్రైనింగుకి సంఘం నన్ను పంపింది. ఇప్పుడు కోడ్ ఎవరూ రాయక్కర్లేదు. టాబ్లెట్ పలక మీద పెట్టెలు లాగి పెట్టి, పెట్టెకీ పెట్టెకీ మధ్య గీత కలిపితే యాప్ తయారు. అందుకే మా ఊరు నడిపాయలో నన్ను భ్రమరాంబ అని ఎవరూ పిలవరు, పెట్టెలమ్మ అంటారు.

విదియ, పోటు వేళ

ఇవాళ రేవులో నిలబడి నా వేలితో నేనే నొక్కి చూశాను. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ సేవ్ అయింది. పూర్తిగా చెడిపోయిన వస్తువుతో ఇబ్బంది లేదు, విప్పి చూడొచ్చు. అప్పుడప్పుడు చెడేదే ప్రాణం తీస్తుంది. మనం చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది.

రేవు కాపలా ఉండే సుబ్బారాయుడు బాబాయ్ పక్కనే కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

"నీ చేత్తో నొక్కితే ఎందుకు పడదమ్మా, నువ్వు దాని అమ్మవి గందా," అన్నాడు.

ఆ మాటకి నాకొకటి తట్టింది. నా చేతులు పొడిగా ఉన్నాయి. కోతకి వెళ్లేవాళ్లు తాళ్లు తడుపుకుని, పడవలో నీళ్లు తోడి, ఆ చేత్తోనే తెర తాకుతారు. తడి వేలే కారణం అయుండాలి. వెంటనే తెర పక్కన ఒక తువ్వాలు వేలాడదీసి, "వేలు తుడుచుకుని నొక్కండి" అని రాసి పెట్టాను. మధ్యాహ్నానికే దానికి బ్రమర తువ్వాలు అని పేరు పెట్టేశారు. పెట్టుకుంటే పెట్టుకోనీ అనుకున్నాను.

ఈ నమోదు ఎందుకంత ముఖ్యమో గట్టు ఆఫీసు వాళ్లకి తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నీళ్లు వచ్చి ఊళ్లు మునిగాక మేం నీళ్ల మీద తేలే పంట్ల మీద ఇళ్లు కట్టుకుని, గొలుసులతో కలుపుకుని బతుకుతున్నాం. మునిగిన ఊరి మీద తాళ్లు కట్టి నాచు పెంచుతాం. కింద ఏముంటే ఆ తాళ్ల వరసకి ఆ పేరు. బస్టాండు వరస, రైసుమిల్లు వరస, హైస్కూలు వరస. హైస్కూలు మీద నేను బోలెడు నాచు కోశాను గానీ హైస్కూలు మొహం చూసిన దాన్ని కాదు. వరసల దగ్గరికి ఎవరికి వాళ్లు ఒంటరిగానే వెళ్తారు. చీకటి పడే వేళకి "వచ్చేశా" అని నొక్కని వాళ్లు ఎవరైనా ఉంటే, రేవు కప్పు మీద ఉండే రెండు గద్దల్లో ఒకటి దానంతట అదే లేచి, వాళ్ల వరస మీదికి పోయి లైటు వేసి వెతుకుతుంది. పేరుకి గద్దే గాని, నాలుగు రెక్కల యంత్రం. అది వచ్చాక సాయంత్రాలు రేవులో కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడడం మానేశాం. మనిషి పేరు సేవ్ అయితేనే గద్ద లేస్తుంది.

చవితి, పాటు వేళ

మళ్లీ ముగ్గురివి పోయాయి. ముగ్గురూ తువ్వాలుతో వేళ్లు తుడుచుకున్నామని ఒట్టేస్తున్నారు.

తడి కాకపోతే టవరు. గట్టుకి కబురు మోసే టవరు మీద ఉప్పు పేరుకుంటే మధ్యలో సమాచారం రాలిపోతుందని ట్రైనింగులో చెప్పారు. ఏడుకొండలు అన్నయ్యని పిలిచి టవరు ఎక్కించాను. అన్నయ్య పైన గోకుతూ, "ఉప్పు లేదు, ఏం లేదు. కాకి గూడుంది, తియ్యనా?" అని అరిచాడు. ఉంచమన్నాను.

కింద వదిన నవ్వుతోంది. మా వదిన నాంచారమ్మ నవ్వితే నాలుగు పంట్ల అవతలికి వినబడుతుంది.

"మీ అన్నని ఎక్కించడం కాదు బ్రమరా, ఆ ఎర్రక్షరాలు తీసేయకుండా ఉంటే ఏం జరిగిందో అదే చెప్పేది గందా," అంది.

"ఎర్రక్షరాలు ఉన్నప్పుడు మీరే గదా నా ప్రాణం తోడేశారు," అన్నాను.

నిజమే గదా. ఆ సంగతి ఇక్కడ రాయాలి. మొదట చేసిన యాప్‌లో నొక్కగానే "ఎక్కడికి?" అని ఒక గడి వచ్చేది. గద్దకి చోటు తెలియాలి కాబట్టి పెట్టాను. మా వాళ్ల సంగతి మర్చిపోయాను. పనికి బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. మొదటిరోజు రేవులో ఒక్కొక్కరే తెర దగ్గరికి రావడం, ఎక్కడికి అన్న మాట చూడడం, నన్ను తిట్టడం, వెనక్కి వెళ్లి అరుగు మీద కూర్చోవడం. మంచినీళ్ల బిందె ఖాళీ అయింది. వాళ్లు లేచి మళ్లీ వస్తే యాప్ మళ్లీ అడిగింది. ఆ పూట నీళ్లు తీసే పాటు వేళ దాటిపోయింది, ఒక్క పడవ కదల్లేదు.

రెండో గొడవ ఎర్రక్షరాలు. సేవ్ కాకపోతే ఎర్రగా "విఫలమైంది" అని వచ్చేది. నీళ్ల మీదికి పోయే మనిషికి ఎదురుగా ఆ మాట కనబడితే ఎవరు వెళ్తారు? అలా చూసిన వాళ్లు ఆ రోజంతా ఇంట్లోనే ఉండిపోయేవారు. సంఘం ప్రెసిడెంటు రంగనాయకులు గారు నన్ను పిలిచి, "అమ్మా, ఆ గడీ, ఆ ఎరుపూ రెండూ కనబడకుండా చెయ్యి. పని జరగాలి గదా," అన్నారు.

చేశాను. ఎక్కడికి అన్న గడిని తెర మీద దాచేసి, ఎవరి వరస వాళ్లకి దానంతట అదే అందులో పడేలా గీత కలిపాను. సేవ్ అయినా కాకపోయినా ముందు ఆకుపచ్చ టిక్కు వచ్చేలా పెట్టాను. కాకపోతే వెనకాల అదే మళ్లీ ప్రయత్నిస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. వదిన నాకు పీతల కూర పంపింది.

షష్ఠి, పోటు వేళ

కోతలు ముగింపుకి వచ్చాయి. కోత అయిపోయిన వరసల్ని వారం రోజులుగా యాప్‌లో మూసేస్తున్నాను. ఇక పౌర్ణమి దాటాక కరకట్ట అవతల కొత్త వరసలు మొదలుపెట్టాలని సంఘం నిర్ణయం. ఎవరికి ఏ వరసో ఎక్కించాల్సిన పని నాదే. సేవ్ గొడవ తేలాక ఎక్కిద్దామని పక్కన పెట్టాను.

వదిన వచ్చింది. నిన్న తను వెళ్లినట్టు లేదట.

"చేపల పులుసు తిన్న చేత్తో నొక్కుంటావు," అన్నాను.

"చాల్లే, కడుక్కునే నొక్కా. టిక్కు కూడా వచ్చింది."

"టిక్కు వస్తే పడినట్టే వదినా. నువ్వు వేలు తియ్యడం తొందరగా తీసుంటావు. గట్టిగా పెట్టి, కాస్త ఆగి తియ్యి."

నిజానికి టిక్కు వస్తే పడినట్టు కాదని నాకు తెలుసు. ఆ టిక్కు పెట్టిందే నేను. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. అందరూ నన్నే అంటున్నారని ఉక్రోషంగా ఉంది, పైగా కారణం దొరకడం లేదు. దొరకనప్పుడు ఎదుటివాళ్ల వేలి మీదికి నెట్టేయడం సుఖంగా ఉంది.

"అంతేనంటావా? సర్లే, ఈసారి గట్టిగా నొక్కుతా," అంది వదిన. ఆమె నా మాట నమ్మింది.

అష్టమి, సాయంత్రం

అన్నయ్య నాచు బస్తాలు వేసుకుని గట్టుకి వెళ్లాడు, రేపు గాని రాడు. మా పంటుకి ఆనుకునే వాళ్ల పంటు. దీపాలు పెట్టే వేళయినా వదిన ఇంట్లో వెలుగు లేదు. పిలిచాను, పలకలేదు.

యాప్ తెరిచి చూశాను. "నాంచారమ్మ, ఇవాళ వెళ్లలేదు" అని ఉంది. గద్దలు కూడా కప్పు మీద కదలకుండా కూర్చుని ఉన్నాయి. వదిన పుట్టిల్లు పడమటి పంట్లలో. అన్నయ్య ఊళ్లో లేనప్పుడు అక్కడికి పోవడం ఆమెకి అలవాటే. పడవ కూడా లేదు కాబట్టి అక్కడికే వెళ్లుంటుందని అన్నం వండుకున్నాను.

నవమి

తోచిన వరసలో రాస్తున్నాను.

పొద్దున పడమటి పంట్ల నుంచి వదిన తమ్ముడు చేపలు అమ్ముకోడానికి వచ్చాడు. అక్క ఎట్టా ఉందని నన్నే అడిగాడు. అంటే వదిన అక్కడికి చేరలేదు.

కాసేపట్లో ఊరంతా రేవులో ఉంది. అందరూ సుబ్బారాయుడు బాబాయ్ మీద పడ్డారు. కాపలా ఉండి ఏం చూస్తున్నావన్నారు. బాబాయ్ తెర వైపు వేలు చూపించాడు.

"ఆమె పడవ తీసినప్పుడు నేను కూటికి పోయా. పొద్దుగూకాక తెర చూశా. ఎవరూ బయట లేరని ఉంది. నేనేం చెయ్యను?"

రంగనాయకులు గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, నాంచారమ్మ పేరు పడిందా?"

"లేదండీ. నొక్కలేదు," అన్నాను.

పడలేదు అనొచ్చు. నొక్కలేదు అన్నాను. ఊరందరి ముందు, ఆమె తమ్ముడి ముందు అన్నాను. ఆ ఒక్క మాటతో వెతుకులాట పడమటికి తిరిగింది. తాళ్ల మీదికి వెళ్లేవాళ్లే రేవులో నొక్కుతారు, చుట్టాలింటికి పోయేవాళ్లు నొక్కరు. నొక్కలేదంటే పుట్టింటికి బయల్దేరి దారిలో ఎక్కడో చిక్కుకుందని అర్థం. పడవలన్నీ అటే పోయాయి. గద్దల్ని కూడా చేత్తో నడిపి అటే పంపారు.

నేను వెనక్కి వచ్చి పలక ముందు కూర్చున్నాను. నొక్కలేదన్న నా మాటనే మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాను. మొన్న వదిన "ఈసారి గట్టిగా నొక్కుతా" అంది గదా. అలా అన్న మనిషి నొక్కకుండా తాళ్ల మీదికి పోతుందా? అప్పుడు మొదటిసారి, వేళ్లనీ టవరునీ వదిలేసి నా పెట్టెల్ని ఒక్కొక్కటే విప్పాను. యాప్ తిప్పికొట్టిన నమోదులు ఒక మూల పడి ఉంటాయి. ఎర్రక్షరాలు తీసేశాక ఆ మూలకి నేను వెళ్లలేదు. వెళ్తే నేను చేసింది చూడాల్సి వస్తుందని వెళ్లలేదేమో.

వదిన నమోదు అక్కడ ఉంది. నిన్న పొద్దున నొక్కింది. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు నొక్కింది. గట్టిగా నొక్కమన్నాను గదా.

మూడింటికీ పక్కన ఒకటే కారణం. ఎక్కడికి అన్న గడి ఖాళీ.

ఆ గడి ఖాళీగా ఉంటే నమోదు తీసుకోవద్దని మొదట్లో షరతు పెట్టింది నేనే. చోటు తెలియకుండా గద్ద ఎగరకూడదని పెట్టాను. గడిని తెర మీంచి దాచాను గానీ షరతుని తియ్యడం మర్చిపోయాను. వరస ఉన్నంతకాలం గడి దానంతట అదే నిండేది. కోత అయిపోయి వరసని మూసెయ్యగానే గడి ఖాళీ. రెండు వరసలున్న వాళ్లకి రెండోది పడేది. ఒకటే ఉండి, మూసేసిన ఆ వరసలో మిగిలిన నాచు కోసుకోడానికి వెళ్లినవాళ్లకి ఏమీ పడేది కాదు. నా వరస ఇంకా కోతకి రాలేదు, అందుకే నా వేలితో ఎప్పుడూ సేవ్ అయింది. వదిన వరస మూసింది నా ఈ చేత్తోనే.

అప్పుడు ఇంకోటి తట్టింది. నొక్కిందంటే ఆమె పుట్టింటికి వెళ్లలేదు, తాళ్ల మీదికి వెళ్లింది. పాత వరస మూసేశాను, అందులో మిగిలిన నాచు కూడా కోసేసుకుంది. ఇక ఆమెకి మిగిలింది కరకట్ట అవతల కొత్త వరస ఒక్కటే. పౌర్ణమి దాకా ఆగమని సంఘం చెప్పినా, అష్టమి నాడు పోటు తక్కువ, నీళ్లు మెత్తగా ఉంటాయని ముందే తాడు కట్టి చూద్దామనుకుని ఉంటుంది. వదిన ఏ పనికీ ఆగే మనిషి కాదు.

రేవుకి పరిగెత్తాను. బాబాయ్ ఒక్కడే ఉన్నాడు.

"బాబాయ్, పడవ తియ్యి. కరకట్ట అవతలికి!"

"అందరూ పడమటికి పోతే నువ్వు ఆడికి అంటావేంటమ్మా?"

"వదిన నొక్కింది బాబాయ్. నొక్కింది. నేనే అబద్ధం చెప్పాను."

బాబాయ్ పడవ తాడు విప్పేశాడు.

కరకట్ట అవతల ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకుని వదిన ఉంది. తాడు కడుతుంటే కుడిచేతికి చుట్టుకుని బిగిసిపోయిందట. పడవ కొట్టుకుపోయింది. తాడు ఆమెని మునగనివ్వలేదు, చేతినీ వదల్లేదు. నిన్న పొద్దున నుంచి అలాగే ఉంది. బాబాయ్ తాడు కోస్తుంటే నేను ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఆ చెయ్యి నేను చూడలేకపోయాను.

ఏకాదశి, పాటు వేళ

ఆసుపత్రి పంటులో వదినకి నిన్న మధ్యాహ్నం తెలివొచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి మాత్రం ఇక ముడుచుకోదట, బొటనవేలికి స్పర్శే లేదట.

నన్ను చూడగానే ఆమె అన్న మొదటి మాట ఇది.

"నా మూలాన ఊరంతా ఇబ్బంది పడ్డారంట గదా బ్రమరా. నువ్వు చెప్పినట్టే గట్టిగా నొక్కా. మళ్లీ సరిగ్గా పెట్టలేదో ఏందో. చీకటి పడ్డాక గద్ద రాపోయేసరికి, అయ్యో, నేనే తప్పు నొక్కానని తెల్లార్లూ అదే అనుకున్నా."

నీళ్లలో వేలాడుతూ ఆమె తన వేలినే తిట్టుకుంది. ఆ నింద ఆమె చేతిలో పెట్టింది నేను. అంతకన్నా నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"సరిగ్గానే నొక్కావు వదినా. మూడుసార్లూ సరిగ్గానే నొక్కావు," అన్నాను. మొత్తం చెప్పాను. దాచిన గడి, దొంగ టిక్కు, దీపం లేని ఇల్లు చూసి కూడా యాప్‌ని నమ్మి అన్నం వండుకోవడం, రేవులో అన్న మాట.

ఆమె మొహం పైకప్పు వైపు తిప్పుకుంది. తర్వాత కాసిని మంచినీళ్లు అడిగింది. తాగించాను. గుమ్మం దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. అంతా విన్నాడు. నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

నిన్న సాయంత్రమే రంగనాయకులు గారు పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు.

"జరిగింది జరిగింది. లాగ్‌లో నాంచారమ్మ నొక్కలేదనే రాసెయ్యి," అన్నారు. "యాప్ తప్పని తెలిస్తే గట్టు వాళ్లు గద్దల్ని పట్టుకుపోతారు. ఊరందరి సంగతీ ఆలోచించు. మీ వదినకి మనం ఏదో ఒకటి చేద్దాం."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. గద్దలు పోతే రేపు ఇంకెవరైనా ఆ నీళ్లలో ఉండిపోతే ఆ పాపమూ నాదే. కానీ నొక్కలేదని రాస్తే ఆమె ఆ రాత్రంతా తిట్టుకున్న తిట్టు నిజమైపోతుంది. సుబ్బారాయుడు బాబాయ్ కాపలా సరిగ్గా కాయలేదన్న మాట కూడా నిలబడిపోతుంది.

అందుకని ఇది చదివే గట్టు ఆఫీసు వాళ్లకి స్పష్టంగా రాస్తున్నాను. నాంచారమ్మ నొక్కింది. బస్టాండు వరస వాళ్లు నొక్కారు. తర్వాత ఫిర్యాదు చేసిన ప్రతివాళ్లూ నొక్కారు. ఎవరి వేలిలోనూ లోపం లేదు. ఎర్రక్షరాలు దాచమని సంఘం అడిగింది, కానీ సేవ్ కానిదానికి ఆకుపచ్చ టిక్కు పెట్టమని నాకెవరూ చెప్పలేదు. అది నా తెలివి.

పౌర్ణమి, పోటు వేళ

ద్వాదశి నాడే గట్టు నుంచి మనుషులు వచ్చారు. యాప్‌ని పరీక్షించేదాకా గద్దలు ఉండవని చెప్పి రెండింటినీ పెట్టెల్లో సర్దుకుని పోయారు. రేవులో ఎవరో "సత్యవంతురాలు" అన్నారు, నాకు వినబడేట్టే అన్నారు. విన్నాను. గద్దలు లేని కప్పు చూస్తే నాకే భయంగా ఉంది.

యాప్‌లో దొంగ టిక్కు తీసేశాను. సేవ్ అయితేనే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. ఎక్కడికి అన్న గడి మళ్లీ పైకి తెచ్చాను. వరసలన్నీ ఎక్కించాను.

అనుకున్నట్టే అందరూ వచ్చి, ఆ మాట చూసి, అరుగు మీద కూర్చున్నారు. ఈసారి నేను కూడా రేవులోనే నిలబడ్డాను. తెర అడిగితే జవాబు చెప్పకపోతే మనిషిని నేను అడుగుతానని చెప్పాను.

"పొద్దున్నే ఆ మాట అడగమాక," అన్నారు పెద్దవాళ్లు. "నీకు పుణ్యం ఉంటది."

"నాకెలాగూ లేదు. చెడు ఏదైనా ఉంటే అడిగిన నాకే తగలనీ. ఎక్కడికి?"

ఒకళ్లు తిట్టి చెప్పారు. ఒకళ్లు మొహం తిప్పుకుని చెప్పారు. చెప్పింది చెప్పినట్టు గడిలో వేశాను. సాయంత్రం బాబాయ్, నేను రేవులో కూర్చుని, చివరి పడవ వచ్చేదాకా లేవలేదు. రోజూ ఇదే పని. పొద్దున నన్ను చూసి కొందరు చుట్టూ తిరిగి పోతున్నారు. వెంటపడి అడుగుతున్నాను.

అన్నయ్య రోజూ వస్తాడు. నేను అడిగేలోపే వరస పేరు తెర మీద తనే కొట్టి వెళ్లిపోతాడు. ఆసుపత్రిలో గ్లాసు తీసుకున్న రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

మాఘ పంచమి, పాటు వేళ

గద్దలు ఇంకా రాలేదు. ఇవాళ వదిన రేవుకి వచ్చింది.

అన్నయ్య పడవ దగ్గర తాళ్లు సర్దుతున్నాడు. ఆమె నేరుగా తెర ముందుకి వచ్చి నిలబడింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. రేవులో ఉన్నవాళ్లందరూ అటే చూస్తున్నారు. ఊరందర్నీ అడిగే నాకు ఆమెని అడగడానికి నోరు రాలేదు.

"అడగవే," అంది. "అందర్నీ అడిగి నన్నొక్కదాన్నే వదిలేస్తావా?"

"ఎక్కడికి వదినా?"

"కరకట్ట అవతలికి. ఆ తాడు సగంలో ఉండిపోయింది."

గడిలో వేశాను. ఆమె ఎడమచేతి బొటనవేలు తెర మీద పెట్టి నొక్కింది. తెర ఎర్రబడింది. "సేవ్ కాలేదు."

"వెనక్కి రామ్మా, వెనక్కి రా," అన్నారు ఎవరో. కుడి వేలు పనిచెయ్యదని తెలుసు. ఎడమ వేలు యాప్‌లో ఎక్కించాలని నాకు తట్టనే లేదు. ఆమె మళ్లీ నీళ్ల మీదికి వస్తుందని నేను అనుకోలేదు. ఎంత దిద్దుకున్నా ఈ మనిషి విషయంలోనే మళ్లీ తప్పు చేశాను.

"వదినా, నాదే..." అన్నాను.

"ఏడవమాక," అంది. ఆ ఎర్రక్షరాల వైపు చూస్తూ నవ్వింది. మునుపటి నవ్వు కాదు, పక్కన నిలబడితే గాని వినబడలేదు. "కనబడింది గందా. ఆ రోజు ఇది కనబడుంటే ఇంటికెళ్లి పడుకునేదాన్ని."

పలక తీసి ఆమె ఎడమ వేలు ఎక్కించాను. ఆమే పలకని ఆనించి పట్టుకుంది. తర్వాత మళ్లీ నొక్కింది. ఇప్పుడు ఆకుపచ్చ రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, నిజంగా సేవ్ అయ్యేదాకా ఆగాలి కాబట్టి. ఇద్దరం తెర వైపే చూస్తూ నిలబడ్డాం. టిక్కు వచ్చింది. ఆమె కదలబోతుంటే ఆగమని, పలకలో లోపలికి వెళ్లి, ఆమె పేరు, పక్కన వరస పేరు ఉన్నాయో లేదో నా కళ్లతో చూసుకున్నాను.

అన్నయ్య పడవ దగ్గర్నుంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"పడిందా?" అన్నాడు.

రెండు నెలల తర్వాత నాతో అన్న మాట. ఆ గొంతులో కోపం లేదు, నమ్మకమూ లేదు. నేను మళ్లీ ఒకసారి చూశాను.

"పడింది అన్నయ్యా," అని పలక అతని చేతికిచ్చాను. అన్నయ్య ఆమె పేరు చదువుకుని, పలక నాకు తిరిగిచ్చి, వదినని పడవ ఎక్కించాడు.